దవడ కణితికి కోత అచ్చు: జాప్యమైతే అక్కరకు రాదు

పొగాకు, గుట్కాల వల్ల కలిగే నోటి క్యాన్సర్ దవడ ఎముకకు పాకితే, ఆ భాగాన్ని తొలగించక తప్పదు. ఆ లోటును మోకాలి దిగువనున్న సన్నని ఎముకతో పూడ్చే విధానాన్ని 1989లో అమెరికా వైద్యుడు హిడాల్గో ప్రకటించారు. నేడు స్కాన్ చిత్రాలను బట్టి కోతలను కంప్యూటర్‌లో ముందే నిర్ణయించి, రోగి ఎముకపై సరిగ్గా అమరే అచ్చును త్రీడీ ప్రింటర్‌తో తయారుచేస్తున్నారు. రంపం ఆ అచ్చు గాడిలోనే నడుస్తుంది.

అయితే అచ్చు సిద్ధమయ్యేందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. ఈలోగా కణితి పెరిగితే పాత కొలతలు పనికిరావు. కనుక పొరుగు రాష్ట్ర ఆసుపత్రులకు వెళ్లే సరిహద్దు కుటుంబాలు స్కాన్ పిమ్మట ఎన్నాళ్లకు శస్త్రచికిత్స చేస్తారో, అచ్చు ఖర్చు ఆరోగ్య కార్డులో చేరుతుందో లేదో ముందే అడగాలి. రెండు వారాలైనా మానని నోటి పుండును వెంటనే వైద్యునికి చూపాలి.