సీసా మీద చీటీ

కల్చర్ పరీక్షకు మళ్ళీ రక్తం తీస్తామంటే కొందరు మామీద విసుక్కుంటారు. సీసా మీద పేరు, తేదీ తప్పుగా ఉంటే మేము లాబ్‌కు పంపము. ఎందుకో చెబుతాము.

మందులకు లొంగని క్రిముల జన్యువుల వివరాలను శాస్త్రజ్ఞులు కంప్యూటర్ పట్టికల్లో ఉంచుతారు. కొలిస్టిన్ అంటే, వేరే మందులు పనిచేయనప్పుడు ఐసియులో ఇచ్చే ఇంజెక్షన్. దానికి లొంగనివ్వకుండా, ఒక క్రిమి నుండి మరో క్రిమికి పాకే ఎంసిఆర్-1 జన్యువును 2015 నవంబరులో చైనావారు ప్రకటించారు. డెన్మార్క్ వారు వెంటనే తమ దగ్గర దాచిన పాత క్రిముల వివరాలతో పోల్చి చూశారు. 2012-14 నాటి దిగుమతి కోడిమాంసంలోనే అది ఉంది! ఒక రోగి రక్తంలోనూ దొరికింది. ఏ నమూనా ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో సరిగా రాసి ఉండబట్టే కదా ఇది తెలిసింది.

మన దేశంలో 2019 జూలైలో కోళ్ళకు, చేపలు రొయ్యల చెరువులకు కొలిస్టిన్ నిషేధించారు. భీమవరం వైపు చెరువులున్న కుటుంబాలు గమనించాలి. ఆ నిషేధం ఫలించిందో లేదో తేలాలంటే మన గోదావరి జిల్లాల నమూనాలు కూడా ఆ పట్టికలకు చేరాలి, తప్పుల్లేకుండా చేరాలి.

ఇంకొక మాట. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రలు ముందే వేసుకుంటే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. దాచకుండా చెప్పండి. ఖాళీ అట్ట తెచ్చినా చాలు, మేము కోప్పడము.