కథలో 'ఆయన' ఎవరు, 'వాడు' ఎవరు?

ఇంగ్లీషు కథ చదివే విద్యార్థికి తొలుత బోధించే విషయాలలో దృష్టికోణమొకటి. కథ 'నేను' అని సాగినదా, 'అతడు' అని సాగినదా అన్న ప్రశ్నకు రెండు మార్కుల జవాబు వ్రాసి ముందుకు పోతాము. ఆ ప్రశ్నే తెలుగులోనికి వచ్చేసరికి ఎంత చిక్కుపడుతుందో, ఉర్దూలో మరొక తీరున ఎట్లా చిక్కుపడుతుందో ఆలోచించడానికి, రెండు భాషలూ ఒకే అట్టల మధ్య అచ్చయ్యే మన వార్షిక సంచిక కంటే తగిన చోటు లేదు.

ఇంగ్లీషు 'హి' ఎంత తటస్థమైన మాటో గమనించండి. రాజుకూ అదే, బంటుకూ అదే. తెలుగు కథకునికి ఆ సౌకర్యం లేదు. వాడు, అతడు, ఆయన, వారు - వీటిలో ఏదో ఒకటి ఎంచుకొనక తప్పదు. ఎంచుకొన్న క్షణమే పాత్రకు తాను ఎంత ఎత్తున నిలిచి మాట్లాడుతున్నదీ పాఠకునికి తెలిసిపోతుంది. గ్రాంథిక వచనంలో 'వచ్చెను' అన్న ఒక్క క్రియ పురుషునికీ, స్త్రీకీ, పశువుకూ సరిపోయేది. వ్యావహారికంలో వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని విడిపోయినందున క్రియ కూడా సాక్ష్యం చెబుతుంది.

ఆర్.కె. నారాయణ్ 1958లో ప్రచురించిన 'ది గైడ్' నవలనే తీసుకొందాము. రాజు తన గతాన్ని వేలన్‌కు 'నేను' అని చెప్పుకొంటాడు. వర్తమాన కథ 'హి' అని నడుస్తుంది. జైలు నుండి వచ్చిన వానిని పల్లెవారు స్వామిగా భావిస్తారు. అతడు చివరకు నిజంగా స్వామి అయినాడా, లేదా అన్నది రచయిత తేల్చడు. ఆ సందేహమే నవలకు ప్రాణం. తెలుగు చేసేవాడు 'ఆయన' అని వ్రాస్తే ముందే తీర్పు చెప్పినట్లు. 'వాడు' అంటే ముందే శిక్ష వేసినట్లు. 'అతడు' కొంత నయం, కాని అదీ పూర్తిగా 'హి' కాదు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో పుస్తకరూపంలో వెలువరించిన 'రాజశేఖర చరిత్రము'నకు ఛాయ గోల్డ్‌స్మిత్ 1766 నాటి 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అన్నది ప్రసిద్ధమే. అక్కడ మతాచార్యుడు తన కథ తానే చెప్పుకొంటాడు. తన అమాయకత్వం తనకు తెలియదు, మనకు తెలుస్తుంది. నవ్వు అక్కడ పుడుతుంది. పంతులుగారు 'నేను'ను తీసివేసి ప్రథమ పురుషలో వ్రాశారు. మూఢాచారాలను ఖండించదలచిన సంస్కర్తకు కథానాయకుని వెలుపల నిలిచే గొంతు అవసరమై ఉంటుందని నా ఊహ. ఆ లాభంతోపాటు ఆ మెత్తని నవ్వు కొంత పోయినదనీ అనుకొంటాను.

ఉర్దూలో 'వో' అంటే అతడూ, ఆమే, వారూ కూడా. కాని 'నేను' దాగలేదు: 'మై గయా' అంటే పురుషుడు, 'మై గయీ' అంటే స్త్రీ. 1899 నాటి మీర్జా రుస్వా 'ఉమ్రావ్ జాన్ అదా'లో కథ చెప్పే గొంతు స్త్రీదని క్రియలే ప్రకటిస్తూ ఉంటాయి. తెలుగు 'వెళ్ళాను'లో ఆ జాడ ఉండదు. పైగా 'నేను' అన్న మాటనే వదలివేయవచ్చు. ఇంగ్లీషువానికి ఆ అదృష్టం లేదు.

ఇక నా అసలు అభ్యంతరం. మన కథలలో, ప్రచురితులైన పెద్దల కథలలోనూ, ఆఫీసరు 'ఆయన', రిక్షా త్రొక్కేవాడు 'వాడు'. ఇంటి యజమానురాలు 'ఆవిడ', ఆ ఇంట అంట్లు తోమే స్త్రీ 'అది'. పాత్ర నోట వచ్చినదైతే లోకరీతిని చూపినట్లనుకోవచ్చు. కథకుని నోటనే వస్తే అది కథకుని మర్యాద ఎంతటిదో చూపుతుంది. పేదల పట్ల జాలితో వ్రాసిన కథలలో సైతం ఈ 'అది' దర్శనమివ్వడం విచారకరం. 'వాడు'లో చనువున్నదని కొందరంటారు. ఉన్నది, తల్లి బిడ్డను అన్నప్పుడు. కాని అదే చనువుతో ఆఫీసరును 'వాడు' అని నడిపిన కథలు ఎన్ని చదివాము?

'మేము', 'మనము' అన్న భేదం మరొకటి. ఇంగ్లీషు 'వి'లో రెండూ కలిసిపోతాయి. రాజారావు 1938 నాటి 'కాంతపుర'లో గ్రామవృద్ధ అచ్చక్క ఊరందరి పక్షాన కథ చెబుతుంది. వినేవారు ఆ ఊరివారు కారు గనుక తెలుగులో ఆమె 'మేము' అనవలసిందే. ఇంగ్లీషు దాచినదాన్ని తెలుగు బయటపెడుతుంది. మన హైదరాబాదు దక్కనీలోని 'అపన్' సరిగ్గా 'మనము'. పల్లెగా ఉండి, సైనిక కుటుంబాలతో, నానా ప్రాంతాలవారితో నిండిన యాప్రాల్‌ను గూర్చి కథ వ్రాయబూనిన విద్యార్థి 'మా ఊరు' అనాలో 'మన ఊరు' అనాలో మొదటి వాక్యంలోనే తేల్చుకొనవలసి ఉంటుంది. ఎవరిని లోపలికి పిలుస్తున్నాడో ఆ ఒక్క అక్షరమే చెబుతుంది.

కళాశాల కమిటీవారికొక మనవి. వచ్చే సంవత్సరపు కథల పోటీలో ఒక నియమం చేర్చండి. ఒకే సంఘటనను ప్రతి విద్యార్థీ రెండుమార్లు వ్రాయాలి: గేటు వద్ద కాపలా ఉండే మనిషిని ఒకమారు 'వాడు' అని, ఒకమారు 'ఆయన' అని. ఉర్దూ విద్యార్థులు ఒకమారు 'మై', ఒకమారు 'వో'తో వ్రాయవచ్చు. బహుమతి ఎవరికి వచ్చినా సరే, రెండు ప్రతులనూ ప్రక్కప్రక్కన అచ్చువేయించండి.