మూగపోయిన పాటకు ముద్దాయి ఎవరు?

"నువ్వే ఏదో నొక్కేసి ఉంటావు!"

ఈ మాట పడని ఇల్లాలు ఎవరైనా ఉంటే నాకో కార్డుముక్క రాయండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను. మిక్సీ ఆగిపోతే నువ్వే ఏదో నొక్కావు. టీవీలో బొమ్మ పోతే నువ్వే ఏదో నొక్కావు. ఫోనులో ఫొటోలు మాయమైతే ఇక సరే సరి. ఇన్నాళ్లూ నేనూ "ఏమో, నొక్కానేమో లెండి" అని సర్దుకుపోయినదాన్నే. కానీ మొన్న ఆ నింద వెళ్లి మా అమ్మ మీద పడింది. డెబ్బై రెండేళ్ల మా అమ్మ మీద! ఇక నోరు మూసుకోదలచుకోలేదు.

సంగతేమిటంటే, మా అమ్మకి హార్మోనియం వచ్చు. గమకాలు సరిగా పలకవని ఆకాశవాణి 1940లో గెంటేసి, 1971 దాకా గడప తొక్కనివ్వని వాయిద్యం అది. రేడియోలో చోటు లేకపోతేనేం, మా అమ్మమ్మ ఇంట్లో దానికి పెద్దపీట. అక్కడే అమ్మ నేర్చుకుంది. ఆ పెట్టె తిత్తి చిరిగి అటకెక్కాక, మా అబ్బాయి ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనిపెట్టాడు. వారం తిరక్కుండా అమ్మ దాన్ని మచ్చిక చేసుకుంది. తిత్తి కొట్టే పని లేక ఎడంచెయ్యిని ఏం చెయ్యాలో తోచక, ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, అంతే.

అమ్మమ్మ పాడే మంగళహారతి ఒకటుంది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ నోట్సులోనూ లేదు. అమ్మ వేళ్లలో ఉంది. ఒకరోజు పూజయ్యాక ఏం పుణ్యమో, పల్లవి నుంచి చివరి చరణం దాకా అన్నీ వరసగా గుర్తొచ్చాయామెకి. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి పంపుదామని కంప్యూటరుకి వైరు తగిలించి రికార్డు చేశాం. ఇరవై రెండు నిమిషాలు. ఇల్లంతా మారుమోగింది. పక్కింటావిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి వింది.

తీరా తిప్పి వింటే ఏముంది? ఏమీ లేదు! పాట అలలు అలలుగా కనబడవలసిన చోట చీపురుపుల్లలా ఒక తిన్నటి గీత.

"అమ్మమ్మా, మధ్యలో ఏదో మీట నొక్కేశావు" అన్నాడు మా సుపుత్రుడు. "అంతే అయ్యుంటుంది" అని పేపరు లోంచి తల ఎత్తకుండానే వంత పాడారు మావారు. అమ్మ తన చేతులకేసి చూసుకుని, "అవునేమోరా, ఈ మధ్య వేళ్లు వణుకుతున్నాయి కదా" అంది.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. నేను బి.ఏ. చదివినదాన్ని, వైర్లూ గియర్లూ నాకు రావు. కానీ కథలు రాసేదాన్ని కనుక, సాక్ష్యం లేకుండా శిక్ష వేస్తే మాత్రం ఒప్పుకోను. నాలుగు రోజులు వంట కూడా అరకొరగా కానిచ్చి దాని అంతు చూశాను. ముద్దాయి మా అమ్మ కాదు. వినండి.

మొదటి దోషి ఆ వైరే. కీబోర్డు వెనక ప్రింటరుకి ఉండేలాంటి చదరపు రంధ్రం ఉంటుంది. అందులోంచి కంప్యూటరుకి వైరు పెడితే పాట వెళ్లిపోతుందని మనం అనుకుంటాం. వెళ్లదు! చాలా కీబోర్డుల్లో ఆ వైరులో వెళ్లేది శబ్దం కాదు, మిడి అనే చీటీలు. 1983లో డేవ్ స్మిత్ అనే అమెరికన్, ఇకుతారో కకెహాషి అనే జపాను ఆయనా, మరికొందరూ కలిసి అందరి వాయిద్యాలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి లోకానికిచ్చిన భాష అది. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. ఇవే అందులో ఉండేవి, అన్నీ అంకెల్లో. మధ్య షడ్జమంలా వాడే ఆ తెల్లమెట్టుకి 60 అని నంబరు. గట్టిదనానికి 127 దాకా మార్కులు. అంటే ఆవకాయ కొలతల కాగితం పంపినట్టన్నమాట. కాగితం నాకితే కారం తగులుతుందా? (ఆ వైరులోనే శబ్దాన్నీ పంపే కీబోర్డులు కొన్ని ఉన్నాయి. మాది ఆ కోవలోది కాదు.)

ఇదంతా కొన్నప్పుడే చెప్పొచ్చుగా? కొట్టువాడు "వైరు పెట్టండి మేడమ్, అంతా కంప్యూటరులోకి వచ్చేస్తుంది" అన్నాడు. అంతా అంటే ఏమిటో అతనికీ తెలిసినట్టు లేదు. ఆ రంధ్రం మీద 'టు హోస్ట్' అని రాసి ఊరుకున్నారు. ఎవరా హోస్టు? మన ఇళ్లల్లో హోస్టంటే విస్తళ్లు వేసేవాళ్లు!

మరి కంప్యూటరు ఇరవై రెండు నిమిషాలూ దేన్ని రికార్డు చేసిందంటారా? మా అబ్బాయి ఆటలాడేందుకు తలకి తగిలించుకునే మైకు ఒకటుంది. రికార్డు చేసే ప్రోగ్రాములో దాన్నే ఎంచి పెట్టి ఉంచాడు. ఆ మైకేమో అప్పుడు సొరుగులో ఉంది. అంటే ఖాళీ రంధ్రాన్ని శ్రద్ధగా రికార్డు చేశాం. నొక్కింది ఎవరో తెలిసిందిగా?

ఈ మాట చెప్పాక వాడు కాస్త తగ్గి, హెడ్‌ఫోను రంధ్రం లోంచి ల్యాప్‌టాపు గుండ్రటి రంధ్రంలోకి మామూలు వైరు పెట్టాడు. కీబోర్డు స్పీకర్లు మూగపోయాయి. హెడ్‌ఫోను రంధ్రంలో ఏది దూర్చినా అవి మూగపోవడం సహజమే. కానీ ల్యాప్‌టాపులోనూ అదే చీపురుపుల్ల! ఇప్పటి చాలా ల్యాప్‌టాపులకి రంధ్రం ఒక్కటే, వినడానికీ మాట్లాడడానికీ. దాంట్లో మైకు కోసం నాలుగో పట్టీ ఉన్న మొన కావాలి. మూడు పట్టీల మొన పెడితే ల్యాప్‌టాపు దాన్ని చెవుల్లో పెట్టుకునే హెడ్‌ఫోను అనుకుంటుంది. మూడిటికీ నాలుగిటికీ కంటికి కనిపించే తేడా ఒక్క నల్లగీత. ఆ గీత లేదని పాట పోయింది!

కీబోర్డుకీ కంప్యూటరుకీ మధ్య పెట్టే చిన్న సౌండు పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేసు అంటారు, అది తెచ్చాక కూడా మరో గంట పట్టింది. విండోస్‌లో మైకు వాడుకునే అనుమతి ఆపేసి ఉంది. "ఇప్పుడు మైకే లేదు కదరా" అంటే, లోపలికొచ్చే శబ్దం ఏదైనా దాని లెక్కలో మైకేనట! అది ఇచ్చి, ప్రోగ్రాములో ఆ పెట్టె పేరు ఎంచాక, ఎవరో సున్నాకి తిప్పేసిన కీబోర్డు వాల్యూము కాస్త పెంచాక, అప్పుడు లేచిందండీ గీత. ప్రాణం లేచొచ్చినట్టు.

ఇంత భాగోతమెందుకు, ఫోనులో చేసుకుంటే పోయేదిగా అంటారు మీరు. ఫోనులో అయితే ఫ్యానూ, కుక్కరు ఈలా, పాలవాడి కేకా అన్నీ హారతి పాడతాయి. అయినా ఒప్పుకుంటున్నాను, ఆ రోజు పక్కన ఒక ఫోను పెట్టి ఉంచితే ఈ ఏడుపు ఉండేది కాదు. ఆ బుద్ధి మాత్రం నాకే లేకపోయింది.

పెళ్లిపందిట్లో "హలో హలో, మైక్ టెస్టింగ్" అనే కుర్రాణ్ణి చూసి నవ్వుకునేదాన్ని. వాడెంత తెలివైనవాడో ఇప్పుడు తెలిసింది. పది సెకన్లు రికార్డు చేసి, విని, ఆపైన పాట మొదలుపెట్టించే ఓపిక మన ఇంట్లో ఇంజనీర్లెవరికీ లేదు. తప్పు పట్టే ఓపిక మాత్రం కావలసినంత. దానికి తోడు మనం! అడక్కముందే "నావల్లేనేమో" అని చేతులు చూసుకునే మనం! నన్ను ఎక్కువ బాధపెట్టింది వాళ్ల నింద కాదు, అమ్మ దాన్ని అంత తొందరగా ఒప్పుకోవడం.

మూడోసారి అమ్మ వాయించింది. శబ్దం బ్రహ్మాండంగా పడింది, కొలతల కాగితం కూడా విడిగా దాచాం. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. రెండోది రాలేదు. కాసేపు మెట్ల మీద వేళ్లు వెతికి, మూడో చరణంలోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ గుర్తు రాలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి విన్న పక్కింటావిణ్ణి కూడా అడిగి చూశాను.

ఇప్పుడు అమ్మ కీబోర్డు ముందు కూర్చోగానే ఒక్క మెట్టు నొక్కి ఆగుతుంది. "ఏరా, గీత లేచిందా?" అంటుంది. లేచిందని మనవడు లేచి వెళ్లి చూసి చెబితే గానీ రెండో మెట్టు ముట్టుకోదు.