పిల్లలకు ఈత ఎవరి దగ్గర నేర్పించాలి?

గోదావరి కాలువల పక్కన పెరిగినవారికి డబ్బు కట్టి ఈత నేర్చుకోవడం వింతగా తోస్తుంది. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి మామయ్యో, అన్నయ్యో కాలువలోకి దించేవారు. నాలుగు గుక్కలు మింగితే ఈత వచ్చేది. ఆడపిల్లలకు చాలా ఇళ్ళలో ఆ నాలుగు గుక్కలు కూడా దక్కేవి కావు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఆ వీలు లేదు. యమున దగ్గరే ఉంది కాని ఆ నీటిలో పిల్లల్ని దింపలేం. సూరజ్‌మల్ విహార్‌లోని యమునా క్రీడా సముదాయం వంటి చోటికో, ఏదైనా ప్రైవేటు కొలనుకో వెళ్ళాలి. “15 రోజుల్లో ఈత గ్యారంటీ” అనే బోర్డు చూసి డబ్బు కట్టేస్తాం. అది తొందరపాటని నా అభిప్రాయం.

మీకు ఈత రాకపోయినా ఫరవాలేదు. డబ్బు కట్టకముందు ఒక గంట గట్టుమీద కూర్చొని చూడండి. కోచ్ కళ్ళు ఎక్కడున్నాయి? మునిగిపోయే బిడ్డ సాధారణంగా కేక వేయలేడు. నోరు నీటిలో ఉంటుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. చప్పుడే ఉండదు. అందుకే ఒక్క కోచ్‌కు ఇరవైమంది చిన్నపిల్లలను అప్పగించిన చోటు, ఫీజు ఎంత తక్కువైనా, నాకు నచ్చదు. నేర్పేవాడు వేరు, కాపలా కాసే లైఫ్‌గార్డు వేరుగా ఉండాలి.

మొదట ఏమి నేర్పుతున్నారో కూడా గమనించండి. నీటిలో ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం ముందు రావాలి. వేగం తరువాతి మాట. భయపడే బిడ్డను నీటిలోకి తోసేవాడు మన పాత కాలువ పద్ధతినే అనుసరిస్తున్నాడు. ఆ పద్ధతిని నేను మెచ్చుకోను. గాలి ఊదిన చేతిపట్టీలు ప్రాణరక్షణ సాధనాలు కావు.

కొలను అడుగున గీతలు స్పష్టంగా కనిపించకపోతే తిరిగి వచ్చేయండి. ఘాటైన వాసన వస్తే నీరు శుభ్రమని అనుకుంటాం. నిజానికి క్లోరిన్ చెమటతోను, మూత్రంతోను కలిసినప్పుడే ఆ ఘాటు పుడుతుంది.

ఇంకొక సంగతి. వేసవి సెలవుల్లో మనం ఊరు వెళ్తాం. అక్కడ బాబాయి పిల్లలు కాలువలో దూకుతుంటే మనవాడూ దూకుతాడు. కొలనులో ప్రవాహం లేదు, బురద లేదు, నాలుగు వైపులా పట్టుకోవడానికి గట్టు ఉంది. కాలువలో ఇవేవీ అలా ఉండవు. ఈత వచ్చిన పెద్దవారు ఒకరు పక్కన దిగితే తప్ప వాడిని దిగనివ్వకండి. కోర్సు పూర్తయి, చేతికి సర్టిఫికెట్ వచ్చినా సరే.