బాతులు కొంటారా? ఒక్క నిమిషం!

ఇంగ్లండులో ఇల్లు కొన్న మనవాళ్ళలో కొందరికి ఈమధ్య బాతుల పిచ్చి పట్టింది. పిల్లలు అడిగారని మూడేళ్ళ క్రితం నేనూ నాలుగు తెచ్చాన్లెండి, అందుకే చెప్తున్నా. వేసవిలో హాయి. నత్తల్ని ఏరుకు తింటాయి, గుడ్లు పెడతాయి. అసలు కథ చలికాలంలో. పొద్దున్నే స్టాండప్ కాల్ లోపు తొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టాలి. బాతుకి తల మునిగేంత నీళ్ళుండాలి, లేకపోతే కళ్ళూ ముక్కూ కడుక్కోలేదు. ఆ నీళ్ళని అరగంటలో బురద చేసిపెడుతుంది, అది వేరే సంగతి.

2024 అక్టోబరు 1 నుంచి ఇక్కడ ఒక్క బాతున్నా రిజిస్టర్ చెయ్యాల్సిందే. బర్డ్ ఫ్లూ వచ్చి ప్రభుత్వం ఆర్డరేస్తే, బయటి పక్షులు తగలకుండా లోపలే ఉంచాలి. అలాంటప్పుడు బాతుల పక్కనే పిచ్చుకలకి గింజలు వేలాడదీయడం తప్పని నా అభిప్రాయం. మా ఆవిడ ఓ పట్టాన ఒప్పుకోలేదు. మట్టి తవ్వుతుంటే వానపాముల కోసం పార పక్కకే వచ్చే రాబిన్ అంటే తనకి ప్రాణం. చివరికి ఫీడర్ తీసేశాం. రాబిన్ మాత్రం వస్తూనే ఉంది!

అన్నిటికన్నా కష్టం సంక్రాంతి. పక్కింటి పెద్దాయన చూస్తానన్నాడు గానీ ఆయనకే ఎనభై దాటాయి, మంచులో జారితే? టికెట్లు కొనలేదు. "బాతుల కోసం రావట్లేదా?" అని అమ్మ ఫోన్లో అడిగితే, నెట్‌వర్క్ బాలేదన్నాను.