మొక్కకి వదులు గౌను

కిందటి వారం టపాలో ఒక సోదరి ఉత్తరం వచ్చింది. "మా హాల్లో పీస్ లిల్లీ మొక్క ఉంది. రెండేళ్లపాటు నిగనిగలాడింది. ఇప్పుడు పొద్దున నీళ్లు పోసినా సాయంత్రానికల్లా ఆకులు వేలాడేస్తోంది. పెద్ద కుండీలోకి మార్చమని మా వారంటారు. వేళ్లు కదిలిస్తే చచ్చిపోతుందని మా అత్తగారంటారు. ఎవరి మాట వినమంటారు?" అని ఆవిడ ప్రశ్న.

ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి, ముందు వేళ్ల మాట వినండి అంటాను నేను. ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. ఒక మొక్కని దాదాపు చంపుకున్నాక వచ్చింది. ఆ కథ చెప్పేస్తే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

మా అమ్మాయి ఉద్యోగానికి పూణే వెళ్తూ తన గదిలోని పీస్ లిల్లీని నాకు అప్పగించింది. చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్లతో కడియం వెళ్లి, నర్సరీలన్నీ తిరిగి, దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న మొక్క అది. "నేను దసరాకి వచ్చేసరికి ఇది పువ్వు పూసి ఉండాలమ్మా" అని మరీమరీ చెప్పి రైలెక్కింది.

పిల్ల వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఆ బెంగంతా మొక్క మీద ప్రేమగా మారింది. 4 అంగుళాల కుండీ చూస్తే నాకే ఊపిరాడనట్టు ఉండేది. బజారుకెళ్లి 12 అంగుళాల సిమెంటు కుండీ మోయించుకొచ్చాను. "ఇంత పెద్దదెందుకే?" అన్నారు మా వారు. "ఎదిగే మొక్క కదండీ, మాటిమాటికీ మార్చే పని ఉండదు" అన్నాను. మా చిన్నప్పుడు అమ్మ గౌన్లు అలాగే కుట్టించేది, రెండేళ్లయినా రావాలని మోకాళ్లు దాటి జారేటట్టు! గౌను వదులైతే పిల్లకి వచ్చిన నష్టం లేదు. మొక్కకి ఉంది. ఆ సంగతి నాకు తెలియలేదు. పైగా నేను ఆ ఘనకార్యం చేసింది రోహిణీ కార్తె ఎండల్లో.

పది రోజులకి ఆకులు వాలాయి. పాపం దాహమేసిందనుకుని చెంబుడు నీళ్లు పోశాను. మర్నాటికి ఇంకా వాలింది. ఇంకో చెంబు పోశాను. అమ్మాయి ఫోను చేసి "మొక్కెలా ఉందమ్మా?" అంటే, "నిక్షేపంలా ఉంది" అనేదాన్ని. ఫోను పెట్టేశాక ఆ కుండీ వైపు చూడబుద్ధయ్యేది కాదు.

ఆషాఢంలో ఒకనాడు పక్కింటి పిన్నిగారు పెరుగు తోడుకోసం వచ్చి మొక్కని చూశారు. మారు మాట్లాడకుండా మట్టిలోకి రెండు కణుపుల మేర వేలు గుచ్చి, పైకి తీసి వాసన చూశారు. "దీనికి దాహం కాదమ్మాయ్. మునిగిపోతోంది" అన్నారు.

ఇద్దరం కలిసి మొక్కని బయటికి తీశాం. వేళ్లు నల్లబడి, కుళ్లిన కూరలా మెత్తగా ఉన్నాయి. పట్టుకుంటే ఊడి వస్తున్నాయి. ఒకటే మురుగు వాసన. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

జరిగిందేమిటంటే, గుప్పెడు వేళ్ల చుట్టూ తట్టెడు మట్టి పోశాను. ఆ మట్టిలోని నీళ్లు తాగడానికి అక్కడ వేళ్లే లేవు. అది రోజుల తరబడి తడిగానే ఉండిపోయింది. వేళ్లకి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. గాలాడకపోతే కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు గనక ఆకులు వాలిపోతాయి. అంటే ఎండినా వాలడమే, మునిగినా వాలడమే! ఆకుని చూస్తే మోసపోతాం. మట్టిలో వేలు పెట్టి చూస్తే మోసం ఉండదు.

పిన్నిగారు మరిగిన నీళ్లలో కత్తెర ముంచి నల్లటి వేళ్లన్నీ కత్తిరించారు. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లతో మూడే పిలకలు మిగిలాయి. వాటిని మళ్లీ ఆ పాత 4 అంగుళాల కుండీలోనే, కొత్త మట్టిలో నాటారు.

ఇక మీ మొక్క సంగతి. వేలు పెడితే మట్టి పొడిగా ఉందా? పోసిన నీళ్లు ఆగకుండా పళ్లెంలోకి దిగిపోతున్నాయా? కుండీ అడుగు చిల్లులోంచి వేళ్లు తొంగిచూస్తున్నాయా? అయితే పాత అట్లకాడ ఒకటి కుండీ అంచు చుట్టూ తిప్పి, మొక్క మొదలు పట్టుకుని కుండీని బోర్లించండి. మట్టి కనపడకుండా వేళ్లు కొబ్బరిపీచులా చుట్టలు చుట్టుకుని ఉంటే మీ వారి మాట నిజం. వేళ్లు పలచగా ఉండి మట్టి రాలిపోతుంటే మీ అత్తగారిదే గెలుపు. ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేయండి.

మార్చాలని తేలితే, నడివేసవి వద్దు. మాఘ ఫాల్గుణాలు మంచివి, లేదా తొలకరి పడి ఎండ చల్లారాక. కొత్త కుండీ పాతదానికంటే 1 అంగుళమో, మహా అయితే 2 అంగుళాలో వెడల్పు ఉంటే చాలు. అడుగున చిల్లు తప్పనిసరి. మట్టి జారకుండా చిల్లు మీద ఒక పెంకుముక్క పెట్టండి. నీళ్లు దిగుతాయని గులకరాళ్లు పరచకండి. పైమట్టి బాగా నానితే గాని నీరు రాళ్లలోకి దిగదు, కనక తడి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది.

ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, కొంచెం గరుకు ఇసుక చేర్చండి. ముందురోజే మొక్కకి నీళ్లు పోసి ఉంచండి. చుట్టుకున్న వేళ్లని జడ చిక్కు తీసినట్టు వేళ్లతో నెమ్మదిగా విడదీయండి. మొదలు పాత కుండీలో ఎంత లోతున ఉందో ఇక్కడా అంతే ఉండాలి. అడుగునుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోసి, పళ్లెంలోవి పారబోసి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. నాలుగు రోజులు తల వాల్చినా కంగారు పడవద్దు. నెల దాటేదాకా ఎరువు వద్దు.

ఇంకొక్క మాట. ఇది మన చేమకీ కందకీ చుట్టం. నమిలితే నోరు దురదపెట్టి మండుతుంది. పసిపిల్లలకీ పిల్లులకీ అందనివ్వకండి.

దసరాకి మా అమ్మాయి వచ్చింది. ఆ చిన్న కుండీ దాని ముందు పెట్టి, జరిగిందంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "అప్పుడే చెప్పకపోయావా అమ్మా?" అంది. "నువ్వు బెంగపడతావని" అన్నాను. "సరేలే. నేను కూడా రోజూ వేళకి తింటున్నానని నీకు చెప్తున్నాగా!" అంది.

ఆ మొక్క ఇప్పుడు 6 అంగుళాల కుండీలో ఉంది. పళ్లెంలోకి వేళ్లు వచ్చాకే మార్చాను. మొన్ననే ఒక తెల్లటి పువ్వు పూసింది. మీరు కూడా కుండీ బోర్లించి చూసి, ఏం కనిపించిందో ఉత్తరం రాయండి. మీ ఇంట్లో గెలుపెవరిదో తెలుసుకోవాలని నాకూ ఉంది.