మోతీఝీల్‌లో మొదలైన మిషన్ ఇల్లు, మన మొహల్లాల సంగతి

2021 డిసెంబర్ 25, క్రిస్మస్ రోజు. మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ ఇక రెన్యువల్ చేసేది లేదని కేంద్ర హోంశాఖ ఆ రోజే తేల్చేసింది. కొన్ని ప్రతికూల విషయాలు తమ దృష్టికి వచ్చాయని ప్రకటనలో చెప్పారు తప్ప అవేమిటో చెప్పలేదు. దేశంలోనూ, బయటా పెద్ద గొడవ అయ్యింది. ఒడిశాలో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ తన రాష్ట్రంలోని వాళ్ళ ఆశ్రమాలకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి 78 లక్షల రూపాయలకు పైగా ఇచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే, 2022 జనవరి 6న, ఆ రిజిస్ట్రేషన్ మళ్ళీ వచ్చేసింది.

"మిషనరీల సంగతి వాళ్ళు చూసుకుంటారు, మనకెందుకు భాయ్" అనే మాట మనలో తరచూ వినిపిస్తుంది. మిషన్ ఆసుపత్రిలో కాన్పులు అయినవాళ్ళు, కాన్వెంట్‌లో చదువుకున్న ఆడపిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అయినా మిషనరీ అనగానే "మతం మార్చేవాళ్ళు" అన్న అనుమానం మనకూ ఉంది. అది ఉత్తినే పుట్టిన అనుమానం అని కూడా అనలేం. కాకపోతే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వేరే మతంవాళ్ళు వచ్చి మన మధ్య ఇల్లు పెట్టుకుంటే వాళ్ళను దేన్నిబట్టి తూచాలి? ఆ తూచే పని ఎవరిది? పక్కింటివాళ్ళదా, ముక్కూమొహం తెలియని ఫిర్యాదుదారుడిదా, ఢిల్లీలో ఫైలు చూసే అధికారిదా? దీనికి కలకత్తాలో ఆ ఇల్లు ఎలా మొదలైందో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది.

సియాల్దా స్టేషన్‌కు దగ్గర్లో ఎంటల్లీ అనే పాత ప్రాంతం ఉంది. దాని పక్కనే మౌలాలీ. మన హైదరాబాద్ వాళ్ళకు ఆ పేరు వినగానే మౌలాలి గుట్ట గుర్తొస్తుంది. కలకత్తా మౌలాలీకి కూడా అక్కడి దర్గా వల్లే ఆ పేరు. బెంగాలీ హిందువులు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు, ఆంగ్లో ఇండియన్లు, బెంగాలీ క్రైస్తవులు, కొంచెం అవతల తంగ్రాలో తోళ్ళ పని చేసే చైనావాళ్ళు... అందరూ ఒకరి భుజం ఒకరికి తగిలేలా బతికిన చోటు అది. అక్కడి లొరెటో కాన్వెంట్ ఆవరణలోని సెయింట్ మేరీస్ స్కూల్లో థెరిసా చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు, తర్వాత హెడ్మిస్ట్రెస్ అయ్యారు. గోడకు అవతలే మోతీఝీల్ బస్తీ. పేరుకు ముత్యాల చెరువు, ఉన్నది మురికి గుంట.

1946 ఆగస్టు 16 గురించి పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. డైరెక్ట్ యాక్షన్ డే. వేలమంది హిందువులు, ముస్లింలు చచ్చిపోయారు. కలకత్తాలో సరుకులు ఆగిపోయాయి. హాస్టల్లో మూడొందలమంది ఆడపిల్లలు, వండడానికి గింజ లేదు. నియమం ప్రకారం కాన్వెంట్ గడప దాటకూడని ఆమె ఒంటరిగా బియ్యం కోసం వీధిలోకి వచ్చారు. శవాలను ఆమె ఆ రోజే చూశారు. సైనికులు తమ లారీలో బియ్యం తెచ్చి ఆమెను స్కూల్లో దింపారు. నెల తిరక్కముందే, సెప్టెంబర్ 10న డార్జిలింగ్ వెళ్ళే రైల్లో, కాన్వెంట్ వదిలి పేదల మధ్యకు వెళ్ళాలన్న పిలుపు వినిపించిందని ఆమె చెప్పుకున్నారు. ఆ పిలుపు ఆమె విశ్వాసానికి సంబంధించింది. దాని ముందున్న నెత్తురు మాత్రం హిందూ ముస్లిం గొడవల్లో పారిన నెత్తురు. ఈ మిషన్ కథ చెప్పేవాళ్ళు ఆ ముక్కను తొందరగా దాటేస్తారు.

అనుమతికి దాదాపు రెండేళ్ళు పట్టింది. కలకత్తా ఆర్చిబిషప్ తొందరపడలేదు. రోమ్ నుంచి 1948 ఏప్రిల్ తేదీతో అనుమతి వచ్చింది. ఆగస్టులో లొరెటో ఆశ్రమం వదిలి, బజారులో కొన్న చవక తెల్లచీర, దానికి నీలం అంచు, కట్టుకుని ఆమె బయటికొచ్చారు. ముందు పట్నా వెళ్ళి మెడికల్ మిషన్ సిస్టర్స్ దగ్గర కొన్ని నెలలు నర్సింగ్ పని నేర్చుకున్నారు. తనతో వచ్చేవాళ్ళు బీదవాళ్ళలాగే ఉప్పూ అన్నమే తినాలని ఆమె అనుకుంటే, అక్కడి డాక్టర్ సిస్టర్లు ఒప్పుకోలేదు. అలా తింటే మీరే రోగులవుతారు, ఇక ఎవరికి సేవ చేస్తారని నిలదీశారు. ఆమె విన్నారు. సేవ పేరుతో కుర్రాళ్ళను అర్ధాకలితో తిప్పే మన సంస్థలు కొన్నింటికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

1948 డిసెంబర్ 21న మోతీఝీల్‌లో మొదటి రోజు. బడికి గది లేదు, బల్ల లేదు, పలకలూ లేవు. అయిదుగురు పిల్లలు. పుల్లతో నేలమీద బెంగాలీ అక్షరాలు. శుభ్రంగా స్నానం చేసి వచ్చిన పిల్లకు ఒక సబ్బు బహుమతి. ఉండటానికి ఇల్లు దొరక్క కాళ్ళు పీకేదాకా తిరిగానని, లొరెటోలోని సుఖం గుర్తొచ్చి మనసు లాగిందని ఆమె తన డైరీలో రాసుకున్నారు. అంటే మొదట ఇచ్చే చెయ్యి ఆమెది కాదు, అడిగే చెయ్యి. బస్తీవాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు చోటిస్తేనే నిలబడే స్థితి.

చోటు ఎలా దొరికిందో చూడండి. 1949 ఫిబ్రవరిలో 14 క్రీక్ లేన్‌లో మైకేల్ గోమెజ్ అనే బెంగాలీ క్రైస్తవుడు తన ఇంటి పైఅంతస్తు ఇచ్చారు. అది ఎందుకు ఖాళీగా ఉందంటే, దేశ విభజన తర్వాత ఆయన అన్నదమ్ములు తూర్పు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. మార్చిలో ఆమె పాత శిష్యురాలు సుభాషిణి దాస్ మొదటగా వచ్చి చేరింది. 1950 అక్టోబర్ 7న రోమ్ ఆమోదంతో సంస్థ అధికారికంగా ఏర్పడింది. పదిమందికి మించేసరికి ఆ అంతస్తు చాలలేదు. 1953లో 54ఏ లోయర్ సర్క్యులర్ రోడ్డుకు మారారు. ఇప్పటికీ అదే వాళ్ళ ప్రధాన కార్యాలయం, ఆమె సమాధి ఉన్నదీ అక్కడే. ఆ ఇల్లు పాకిస్తాన్ వెళ్ళిపోతున్న ఒక ముస్లిం పెద్దమనిషిది. ఆమె జీవితచరిత్రలు రాసినవాళ్ళ ప్రకారం ఆయన దాన్ని స్థలం విలువ కంటే తక్కువకే ఇచ్చారు. దేవుడిచ్చిన ఇల్లు దేవుడికే ఇస్తున్నానని అన్నారట.

ఒక క్రైస్తవ కుటుంబం తూర్పుకు వెళ్తే మొదటి ఇల్లు, ఒక ముస్లిం కుటుంబం వెళ్తే రెండో ఇల్లు. విభజన ఖాళీ చేసిన గదుల్లోనే ఈ మిషన్ కాపురం పెట్టింది. 130కి పైగా దేశాలకు పాకిన సంస్థ చరిత్రలో మనవాడి గడప ఒకటి ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అయితే పొరుగువాళ్ళు అందరూ దండలేసి ఆహ్వానించారనుకుంటే పొరపాటు. 1952లో కాళీఘాట్ గుడి పక్కనున్న యాత్రికుల సత్రంలో, రోడ్డుమీద చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ కోసం నిర్మల్ హృదయ్ తెరిచినప్పుడు స్థానికులు తిరగబడ్డారు. గుడి నీడలో మతమార్పిడి జరుగుతోందని ఫిర్యాదులు వెళ్ళాయి. ఖాళీ చేయించడానికి వెళ్ళిన పోలీసు అధికారి లోపల పురుగులు పట్టిన పుండ్లు కడుగుతున్న సిస్టర్లను చూసి, మీ అమ్మలూ అక్కలూ వచ్చి ఈ పని చేస్తామంటే వీళ్ళను పంపించేస్తానని జనంతో అన్నాడని చెప్పుకుంటారు. ఇలాంటి కథలకు కాలం గడిచేకొద్దీ మెరుగులు పడతాయి, నిజమే. కాని అందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. అనుమానం వచ్చింది, మనిషి లోపలికెళ్ళి చూశాడు, తర్వాత నిర్ణయం తీసుకున్నాడు.

విమర్శలను కొట్టిపారేయడం కూడా సరికాదు. నొప్పి తగ్గించే మందులు సరిగా ఇవ్వడం లేదని 1994లో లాన్సెట్ వైద్య పత్రికలో దాని సంపాదకుడు రాశారు. చనిపోయేవాళ్ళకు చెప్పకుండానే బాప్తిస్మం ఇచ్చేవాళ్ళమని సంస్థ నుంచి బయటికొచ్చిన ఒక మాజీ సిస్టర్ ఆరోపించారు. చనిపోయినవాళ్ళకు ఎవరి మతం ప్రకారం వాళ్ళకు అంత్యక్రియలు చేయిస్తామని సంస్థ చెప్పుకుంటుంది. ఆ ఆరోపణ నిజమైతే మాత్రం అది తప్పే. స్పృహలేని మనిషిని అడగకుండా చేసే పని సేవ కిందికి రాదు. 2018లో రాంచీ ఆశ్రమంలో బిడ్డను అమ్మారన్న కేసులో ఒక సిస్టర్‌ను అరెస్టు చేశారు. ఫిర్యాదు వచ్చింది, విచారణ జరగాల్సిందే. కాని ఆ ఒక్క కేసు చూపించి దేశంలోని వాళ్ళ పిల్లల ఆశ్రమాలన్నింటినీ తనిఖీ చేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఒకచోట తప్పు జరిగితే మొత్తం బిరాదరీని బోనులో నిలబెట్టడం ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు నేర్పక్కర్లేదు.

ఆమె సేవ వెనక మతమార్పిడి ఉద్దేశం ఉందని 2015లో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ అన్నారు. ఉద్దేశం దగ్గరే ఈ చర్చ తప్పుదారి పడుతోంది. ఆమె ఏనాడూ తన విశ్వాసాన్ని దాచుకోలేదు, పేదవాడిలో క్రీస్తును చూస్తున్నానని బాహాటంగానే చెప్పారు. జకాత్ తీసే మన మనిషి కూడా అల్లాహ్ కోసమే తీస్తాడు. ఉద్దేశాన్ని నేరం చేస్తే మతం ఉన్న ప్రతి దాతా ముద్దాయే. చూడాల్సింది షరతు పెట్టారా, ఒత్తిడి చేశారా అన్నది. అన్నం పెట్టి కలిమా చదవమన్నా తప్పే, బాప్తిస్మం తీసుకోమన్నా తప్పే.

చట్టాలు మాత్రం వేరే దారిలో పోతున్నాయి. ప్రచారం చేసుకునే హక్కంటే ఇంకొకరి మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లోనే స్టానిస్లాస్ కేసులో చెప్పింది. 1978లో ఓ.పి. త్యాగి పార్లమెంటులో మత స్వేచ్ఛ బిల్లు పెడితే, దాన్ని వ్యతిరేకిస్తూ మదర్ థెరిసా స్వయంగా ప్రధాని మొరార్జీ దేశాయ్‌కి ఉత్తరం రాశారు. ఆ బిల్లు ముందుకు పోలేదు. తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఆ పని చేస్తూ వచ్చాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టంలో బాధితుడో, అతని బంధువులో ఫిర్యాదు చేయాలని ఉండేది. 2024 సవరణతో ఎవరైనా చేయొచ్చు. పక్కింటి ఆమెకు లేని బాధ నాలుగు వీధుల అవతలి కుర్రాడికి వస్తుంది, కేసు నడుస్తుంది. లోపలికెళ్ళి చూడటం అనే మెట్టే ఎగిరిపోయింది.

డబ్బు సంగతీ అంతే. ఈ సిస్టర్లు ఫీజులు తీసుకోరు, విరాళాల మీదే బతుకుతారు. ఒక్క 2020-21లోనే వాళ్ళకు బయటి నుంచి వచ్చింది దాదాపు 75 కోట్లు. అంత డబ్బుకు లెక్క అడగడం ప్రభుత్వం పనే. 2020 సెప్టెంబర్‌లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించి, ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ఒక సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థ చెయ్యి పట్టుకుని నడిచే చిన్న సంస్థలకు ఈ రెండో దెబ్బే గట్టిగా తగిలింది. 2022 జనవరి 1 నాటికి రిజిస్ట్రేషన్ పోయిన దాదాపు ఆరువేల సంస్థల జాబితాలో మన జామియా మిల్లియా ఇస్లామియా పేరు కూడా ఉంది. మన మదరసాల్లో ఎక్కువ భాగం ఊళ్ళోవాళ్ళ చందాలతో, రంజాన్‌లో వచ్చే జకాత్‌తో నడిచేవే. అయినా "విదేశీ నిధులు" అనే మాట ముందు ఎవరి మీదికి విసురుతారో మనకు తెలుసు.

ఇంకో వైపు కూడా చూసుకోవాలి. 2016 మార్చి 4న యెమెన్‌లోని ఏడెన్‌లో ఇదే సంస్థ నడిపే వృద్ధాశ్రమంలోకి సాయుధులు చొరబడి 16 మందిని చంపారు. అందులో నలుగురు సిస్టర్లు, ఒకరు జార్ఖండ్ బిడ్డ. వాళ్ళు అన్నం పెడుతున్నది ముస్లిం ముసలివాళ్ళకు. ముస్లిం దేశంలో చిన్న మైనారిటీగా ఉండి సేవ చేస్తున్నవాళ్ళకు అది జరిగితే మన మసీదుల్లో ఎన్నిచోట్ల దాని మాట ఎత్తారు?

మన ఊళ్ళలో కలిసి ఉండే మొహల్లాలు తగ్గిపోతున్నాయి. అద్దె ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతున్నారు. ఇలాంటి టైమ్‌లో ఒక మిషన్ వాళ్ళో, ఇంకెవరో వచ్చి బస్తీలో ట్యూషన్ సెంటర్, డిస్పెన్సరీ పెడతామంటే మసీదు కమిటీ పెద్దలు చేయగలిగింది చాలా ఉంది. వెళ్ళి సలాం చెప్పండి, చాయ్ తాగండి. పిల్లలకు ఏం నేర్పుతున్నారో, రోగి దగ్గర ఏ కాగితం మీద వేలిముద్ర తీసుకుంటున్నారో మొహమాటం లేకుండా అడగండి. తప్పు కనబడితే వాళ్ళ ముందే అనండి. రేపు మన ఇస్తేమాకో, మదరసా హాస్టల్‌కో పక్క వీధివాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళకూ తలుపు తెరవండి, రిజిస్టర్ తెరిచి లెక్క చూపించండి.